ఠాణా మెట్లు ఎక్కక ముందే

బైకుల దొంగతనం కేసులో ఇద్దరు మైనర్లు పట్టుబడ్డారనో, గంజాయి తాగుతూ విద్యార్థులు దొరికారనో నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వార్త వచ్చినప్పుడల్లా జనం నోట వచ్చే మొదటి మాట ఒకటే: కన్నవాళ్లు ఏం చేస్తున్నారు? పాలమూరు పల్లెల్లో చాలాసార్లు దీనికి జవాబు గుండె కలచివేసేదిగా ఉంటుంది. కన్నవాళ్లు ముంబయిలోనో పుణెలోనో కట్టుబడి పనిలో ఇసుక మోస్తుంటారు. ఇంటి దగ్గర నాయనమ్మ ఉంటుంది. ఆమెకు చూపు సరిగా ఆనదు, మోకాళ్లు కదలవు. మనవడు బడికి వెళ్లాడో, సంచి గోడకు తగిలించి అడ్డరోడ్డుకు వెళ్లాడో కనిపెట్టే ఓపిక ఆమెకు ఎక్కడిది?

పిల్లలు రాత్రికి రాత్రి దారి తప్పరు. తొమ్మిదో తరగతి హాజరుపట్టీ తిరగేస్తే ఆ సంగతి ముందే కనిపిస్తుంది. పండుగ సెలవుల తర్వాత వారంలో రెండు రోజులు రాలేదు. మరుసటి నెల వారంలో రెండు రోజులే వచ్చాడు. ఆ తర్వాత వరుసగా గైర్హాజరు గుర్తులే. టీచరు ఫోను చేస్తే నంబరు పనిచేయదు. ఇక ఆ టీచరు ఎవరికి చెప్పాలి? కాగితం మీద చూస్తే ఏర్పాట్లకు కొదవ లేదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఫోన్ సహాయవాణి ఉంది. జిల్లా కేంద్రంలో బాలల పరిరక్షణ విభాగం ఉంది. ఊరూరా బాలల పరిరక్షణ కమిటీ ఉండాలని నిబంధన ఉంది. కానీ ఆ కమిటీలో సభ్యులెవరని గ్రామ పంచాయతీలో అడిగితే ఎన్ని ఊళ్లలో చప్పున జవాబు వస్తుంది? జిల్లా విభాగానికి ప్రభుత్వం నిర్దేశించిన సిబ్బందే తక్కువ: ఒక న్యాయ, ప్రొబేషన్ అధికారి, ఒక కౌన్సెలర్, వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది క్షేత్ర కార్యకర్తలు. అచ్చంపేట అడవి పక్క గూడేల నుంచి కల్వకుర్తి తండాల దాకా పరుచుకున్న నాగర్‌కర్నూల్ వంటి జిల్లాలో వాళ్లు ఎన్ని గడపలు తొక్కగలరు?

చేసి చూపించినవారు మన పక్కనే ఉన్నారు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ ఏ ఊరి యువకులను ఆ ఊళ్లోనే కార్యకర్తలుగా నిలిపింది. బడిలో లేని ప్రతి పిల్లవాణ్నీ పేరు పేరునా వెదికి పట్టుకుని, బడి మానేసిన పిల్లలను తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జి శిబిరాల్లో చదువు అందించి, తిరిగి తరగతి గదికి చేర్చింది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం తెచ్చిపెట్టిన పని అదే. బాల కార్మికులను బడి బాట పట్టించడానికి పుట్టిన పద్ధతి అది. విత్తన పత్తి చేలలో కూలికి మరిగి, తర్వాత మెకానిక్ షెడ్డుకు చేరి, అక్కడి సావాసాల్లో చిక్కుకునే గద్వాల కుర్రవాడికీ అక్షరాలా సరిపోతుంది.

ఇంత జరిగాక పిల్లవాడు ఠాణాకు చేరాడనుకుందాం. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన బాలల న్యాయ చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. ప్రతి పోలీసు స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. పిల్లవాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లోగా పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. సెల్‌ఫోన్ దొంగతనం వంటి చిన్న నేరమైతే, పెద్దవారితో కలిసి చేసినది కానప్పుడు, ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. స్టేషన్ డైరీలో నమోదు చేసి, సామాజిక నేపథ్య నివేదిక రాసి మండలికి పంపాలి.

ఆ నివేదిక గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. పిల్లవాడు ఎందుకు బడి మానేశాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఇంట్లో దెబ్బలు తిన్నాడా, పనిచేసిన చోట కూలి ఇచ్చారా ఎగ్గొట్టారా అని అందులో గడులు ఉంటాయి. పెద్దలెవరైనా ఇతణ్ని మత్తుమందుల చేరవేతకు వాడుకున్నారా అని అడిగే గడి కూడా ఉంటుంది. విజయవాడ నుంచి సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి గంజాయి రవాణాకు ఎంతగా అలవాటైపోయిందో తెలిసిన మన ప్రాంతంలో ఇంతకన్నా విలువైన ప్రశ్న లేదు. పిల్లల చేత మత్తుమందులు మోయించిన పెద్దవాళ్లకు ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చట్టంలోని 78వ సెక్షన్ చెబుతోంది. నివేదిక రాసే అధికారి ఆ పిల్లవాడి పక్కన గంటసేపు కూర్చుని, అన్నం తిన్నావా అని అడిగి మాట కలిపితే ఆ గడిలో ఒక పేరు పడుతుంది. హడావిడిగా అన్ని గడుల్లోనూ ‘లేదు’ అని రాసేస్తే సంచి మోసినవాడు దొరుకుతాడు, మోయించినవాడు మరో పిల్లవాణ్ని వెదుక్కుంటాడు.

తర్వాతి బాధ దూరానిది. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల మీద ఇప్పుడు ప్రధానంగా ఎనిమిది జిల్లాలు వెలిశాయి. ప్రతి జిల్లాకూ బాలల న్యాయ మండలి ఉండాలన్నది చట్టం మాట. మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో కనీసం ఒక మహిళ అందులో కూర్చోవాలి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి. దేవరకొండ దగ్గర తండా నుంచి వాయిదాకు వచ్చే తల్లి సంగతి చూడండి. తెల్లవారుజామున బస్సెక్కాలి, ఆ రోజు కూలి పోతుంది, మండలి సభ్యులు రాలేదంటే మళ్లీ రావాలి. కొడుకును హైదరాబాద్ సైదాబాద్‌లోని ప్రభుత్వ బాలుర గృహానికి పంపితే చూసి రావడానికి రానుపోను ఛార్జీలు, మరో రోజు కూలి. రెండు మూడు వాయిదాలయ్యేసరికి ఆమె రావడం మానేస్తుంది. తల్లికి పట్టింపు లేదని అప్పుడు రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఇది అన్యాయం. దేవరకొండ, అచ్చంపేట, అలంపూర్ వంటి చోట్ల మండలి నెలకొకసారైనా కూర్చోవాలి. వాయిదాకు వచ్చే తల్లిదండ్రులకు బస్సు ఛార్జీ ఇవ్వాలి.

నష్టపోయినవారి కోపాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. మెడలో పుస్తెలతాడు తెంపుకుపోతే కిందపడి చేయి విరిగిన ఆడమనిషికి, అప్పు చేసి కొన్న బండి పోగొట్టుకున్న పాలవ్యాపారికి ‘పిల్లలు కదా’ అన్న మాట పుండు మీద కారంలా ఉంటుంది. ఘోర నేరాల్లో పదహారేళ్లు దాటినవారిని పెద్దవారిలాగే విచారించాలా అని తేల్చే అధికారం మండలికి ఉంది. అది ఉండాలి కూడా. మిగతా కేసుల్లో సామాజిక సేవ, కౌన్సెలింగ్, ప్రొబేషన్ (అధికారి పర్యవేక్షణలో ఇంటి దగ్గరే ఉంచడం) వంటి ఉత్తర్వులు ఇవ్వవచ్చు. సేవ చేయమన్న చోట ఆ పని చూసే మనిషి లేకపోతే, ప్రొబేషన్ అన్న చోట ఇంటికి వచ్చి పలకరించే అధికారి లేకపోతే, ఆ ఉత్తర్వు పిల్లవాడికీ చులకనే, నష్టపోయినవాడికీ చులకనే. బాధితుణ్ని పిలిచి, అతడికి జరిగిన నష్టం పిల్లవాడికి తెలిసేలా కూర్చోబెట్టి మాట్లాడించే పని ఏ జిల్లాలోనైనా మొదలైతే మేము మనసారా స్వాగతిస్తాం.

పోలీసుల విలేకరుల సమావేశాల మీద ఒక మాట. ముఖానికి గుడ్డ కట్టి నిలబెట్టి, ఊరి పేరు, తండ్రి పేరు చదివితే ఆ గుడ్డ దేనికి? పిల్లవాణ్ని గుర్తుపట్టే వివరాలు ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పత్రికలకూ ఛానళ్లకూ అది వర్తిస్తుంది. ఊళ్లో ఒకసారి ‘దొంగ’ అన్న పేరు పడ్డాక ఏ హెడ్‌మాస్టరు చేర్చుకుంటాడు, ఏ షెడ్డు యజమాని పని ఇస్తాడు?

ఈ ఎనిమిది జిల్లాల కలెక్టర్లను మేము అడిగేది ఇదీ. బాలల పరిరక్షణ విభాగంలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని? న్యాయ మండలి గత నెలలో ఎన్ని రోజులు కూర్చుంది? నాలుగు నెలలు దాటినా తేలని కేసులెన్ని? పది రోజులు వరుసగా బడికి రాని పిల్లవాడి సంగతి టీచరు చెబితే ఎవరు, ఎన్ని రోజుల్లో ఆ ఇంటికి వెళ్తారు? జవాబులు అందిన కొద్దీ జిల్లా పేరుతో ఈ పేజీలోనే ప్రచురిస్తాం. జవాబు ఇవ్వని జిల్లా పేరు కూడా అక్కడే ఉంటుంది.