లైన్లకు కొదవ లేదు, ఫోన్ ఎత్తేవాళ్లే కరవు

ఒకప్పుడు ఒక ఆఫీసు నుంచి ముప్పై మంది ఒకేసారి ఫోన్‌లో మాట్లాడాలంటే ఒకేసారి ముప్పై కాల్స్ మోసే పీఆర్ఐ లైన్ వేయించాలి, వాటిని ఆఫీసులోని ఫోన్లకు పంచే ఈపీఏబీఎక్స్ అనే పెట్టె కొనాలి, అది మొరాయిస్తే మెకానిక్ కోసం పడిగాపులు కాయాలి. ఇప్పుడు ఆ పెట్టె డేటా సెంటర్‌కు మారింది. దీన్నే క్లౌడ్ టెలిఫోనీ అంటారు. పత్రాలిచ్చి నెలవారీ ప్లాన్ తీసుకుంటే చాలు, నంబర్లతో పాటు ‘తెలుగు కోసం రెండు నొక్కండి’ అనే గొంతు కూడా వస్తుంది. హైదరాబాద్‌లోని ఓజోన్‌టెల్, బెంగళూరులోని ఎక్సోటెల్ ఎదిగింది ఇలాంటి సేవలతోనే. 2021 జూన్‌లో కేంద్రం నిబంధనలు సడలించాక కాల్ సెంటర్ ఈపీఏబీఎక్స్ ఏ దేశంలో ఉన్నా అభ్యంతరం లేదు.

ఇంత సులువు కావడమే ఇప్పుడు చిక్కు తెచ్చింది.

భోజనం తెచ్చే కుర్రాడు ఫోన్ చేస్తే చాలాసార్లు అతని సొంత నంబరు మనకు కనపడదు. 080తో మొదలయ్యే ఏదో నంబరు వస్తుంది. అతని కాల్ ముందు క్లౌడ్‌కు వెళ్తుంది, అక్కడి సాఫ్ట్‌వేర్ మనకు ఇంకో కాల్ చేసి రెండింటినీ కలుపుతుంది. ఎవరి నంబరూ ఎవరికీ తెలియదు. ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది ఎంతో మేలు. కానీ లోన్ అంటగట్టేవాడూ ఇలాంటి నంబరు నుంచే చేస్తాడు. అందుకే చాలామంది చూడగానే కట్ చేసేస్తున్నారు. పాపం, ఆ కుర్రాడు గేటు దగ్గరే నిలబడి ఉంటాడు.

దుర్వినియోగం ఏ స్థాయిలో ఉందో 2024లో తేలింది. ఆ ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశాలిచ్చాక కొద్ది వారాల్లోనే టెలికాం కంపెనీలు 50కి పైగా సంస్థలను బ్లాక్‌లిస్టులో పెట్టాయి. 2.75 లక్షలకు పైగా కనెక్షన్లు కోసేశాయి. అందులో మామూలు మొబైల్ నంబర్లే కాదు, ఇంటర్నెట్ మీదుగా కాల్స్ నడిపే ఎస్ఐపీ నంబర్లూ ఉన్నాయి. క్లౌడ్ టెలిఫోనీకి ఆధారమే అవి.

అందుకే ఈ రంగంలో అసలు పోటీ మనిషిలా ఫోన్‌లో మాట్లాడే ఏఐ వాయిస్ బాట్లలో లేదని నా అభిప్రాయం. బాట్ ఎంత మర్యాదగా ‘నమస్కారమండీ’ అన్నా, అవతల ఎత్తితేనే కదా! ఇకపై విలువంతా నంబరు మీద నమ్మకానిదే. ప్రచార కాల్స్‌కు 140తో, లావాదేవీలు, సేవల కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లని ప్రభుత్వం విడదీసింది అందుకే. అయితే 1600 ముందుగా దక్కింది ప్రభుత్వ విభాగాలకు, ఆర్థిక సంస్థలకు. విజయవాడలో డయాగ్నస్టిక్ సెంటర్ నడిపేవారు రిపోర్టు వచ్చిందని చెప్పాలన్నా మామూలు నంబరే గతి. పోనీ వాట్సాప్‌కు మారదామంటే, 2025 జూలై నుంచి ఒక్కో బిజినెస్ మెసేజ్‌కు విడిగా డబ్బు లెక్కగట్టే పద్ధతి వచ్చింది. పైగా ధరలన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి.

నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది సీఎన్ఏపీ, అంటే ఫోన్ చేసేవారి పేరు తెరపై చూపే పద్ధతి. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఫారంలో ఇచ్చిన పేరే చూపాలని, వ్యాపార కనెక్షన్లకైతే రిజిస్టరైన ట్రేడ్ నేమ్ చూపే వీలు కల్పించాలని 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ సిఫారసు చేసింది. క్లౌడ్‌లో తీసుకున్న నంబరు చాలాసార్లు సర్వీస్ కంపెనీ పేరిట ఉంటుంది. అలాంటప్పుడు కస్టమర్ ఫోన్‌లో వ్యాపారి పేరు కాకుండా ఆ కంపెనీ పేరు కనపడే ప్రమాదముంది. ఈసారి ప్లాన్ రెన్యువల్ చేసుకునేటప్పుడు డిస్కౌంట్ కన్నా ముందు, నంబరు ఎవరి పేరు మీద ఉందో అడగండి.