బొగ్గు గుట్టకు లెక్క కట్టేదెవరు?

విశాఖ వన్‌టౌన్‌లో మా మేనత్త ఇంటి కిటికీ గట్టు మీద వేలు పెట్టి లాగితే నల్లటి చార పడుతుంది. పొద్దున్న తుడిచిన గట్టే అది. "మళ్లీ గుండ పడిపోనాది, ఏటి సేస్తాం" అంటూ అత్త తడిగుడ్డ పిండుకుంటుంది. ఆ గుండ ఓడరేవులో ఎవరి సరుకు నుంచి లేచిందన్న గొడవ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. ప్రతివాడూ పక్కవాడి వైపు చూపిస్తాడు. ఆ తగువు తీర్చే పని నేను పెట్టుకోవడం లేదు. గుట్ట మీది నుంచి గాలికి ఎంత లేస్తుంది, ఎంత దూరం పోతుంది, ఎక్కడ దిగుతుంది అని కాగితం మీద లెక్క వేసి చూపించగల గణిత విద్యార్థులను మన యూనివర్సిటీలు ఎందర్ని తయారు చేశాయన్నదే నా ప్రశ్న.

విశాఖ నిజానికి గుట్టల ఊరు. కొండల సంగతి కాదు, సరుకు గుట్టల సంగతి చెబుతున్నాను. 1933లో ఓడరేవు మొదలైన నాటి నుంచి ఈ ఊరు బతుకుతున్నదే పొడి సరుకు మీద. బైలదిల్లా ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా దిగుతుంది. ఒడిశాలోని దమన్‌జోడి నుంచి వచ్చే అల్యూమినా, అంటే అల్యూమినియం తీసే తెల్లపొడి, ఇక్కడే ఓడెక్కుతుంది. కోకింగ్ కోల్, ఎరువులు, మాంగనీస్ సరేసరి. స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లోనూ (ఇనుము తీసే కొలుముల్లో) కోక్ అనే కాల్చిన బొగ్గు, సింటర్ అనే గడ్డకట్టించిన ఖనిజం పొరలు పొరలుగా ఎలా పడ్డాయన్న దాన్ని బట్టే లోపల గాలి దారి చూసుకుంటుంది. ఇదంతా హాపర్లనే గరాటు తొట్లలోంచి, చూట్లనే జారుడు గొట్టాలలోంచి, బెల్టుల మీదుగా పారాల్సిన సరుకే. ఈ పారడాన్ని సమీకరణాల్లో పెట్టే విద్యకు గ్రాన్యులర్ ఫ్లోస్, అంటే గింజల ప్రవాహాలు, అని పేరు. ప్రపంచంలో మంచి గణిత విభాగాలు దీని మీద పీహెచ్‌డీలకు పిల్లల్ని పిలుస్తున్నాయి. ఆ సంగతి మన పిల్లలకు చెప్పే నాథుడు లేడు.

ఇది ఎంత చిక్కుముడో తెలియాలంటే వంటింట్లోకి వెళ్తే చాలు. మిక్చర్ డబ్బాను నాలుగుసార్లు కుదిపి మూత తీయండి. పల్లీలు పైకొచ్చి ఉంటాయి, కారప్పొడీ విరిగిన కారప్పూసా అడుక్కి చేరతాయి. నీళ్లయితే కుదిపేకొద్దీ కలుస్తాయి, గింజలు కుదిపేకొద్దీ విడిపోతాయి. ఇంకోటి. డాబా మీద ట్యాంకు నిండుగా ఉంటే కుళాయి జోరుగా వస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ ధార సన్నబడుతుంది. బియ్యం డబ్బాకు అడుగున చిల్లి పెడితే అలా కాదు. పైన రెండడుగులున్నా నాలుగడుగులున్నా ధార ఒకటే. పై బరువులో చాలా భాగాన్ని రాపిడి వల్ల డబ్బా గోడలే మోస్తాయి కాబట్టి అడుగున ఒత్తిడి ఒక హద్దు దాటి పెరగదని 1895లోనే జాన్సెన్ ధాన్యం గాదెల మీద లెక్క కట్టి చూపించాడు. ధారను నిర్ణయించేది చిల్లి వెడల్పు. దాన్ని రెట్టింపు చేస్తే ప్రవాహం ఐదున్నర రెట్లు దాటుతుందని 1961 నాటి బెవర్లూ సూత్రం చెబుతుంది. అదే చిల్లి గింజకు ఐదారు రెట్లు కూడా లేకపోతే గింజలు ఒకదానికొకటి ఆనుకుని కమానులా కట్టుకుంటాయి. ఇక ఒక్క గింజ కూడా కదలదు.

ఆ కమాను ఎలా ఉంటుందో నాకు తెలిసిన ఒక పెద్దాయన చెప్పారు. ముడి సరుకుల విభాగంలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. కంపెనీ పేరు మనకెందుకు. వానాకాలం తడి బొగ్గు వచ్చిందంటే హాపర్ గొంతు దగ్గర పట్టేస్తుంది. అప్పుడు ఇద్దరు మనుషులు సమ్మెటలు పట్టుకుని బయటి నుంచి రేకును బాదాలి. బాదిన చోటల్లా రేకు సొట్టపడుతుంది, ఆ సొట్టలోనే మర్నాడు ఇంకాస్త బొగ్గు పట్టుకుంటుంది. "మేం బాగుచేస్తున్నామో పాడుచేస్తున్నామో మాకే తెలిసేది కాదు బాబూ" అన్నారాయన. ఆ ముప్పై ఏళ్లలో గోడ వాలు ఎంత ఉంటే సరుకు పట్టకుండా జారుతుందో లెక్క వేద్దామని ఏ కాలేజీ నుంచీ ఎవరూ తన దగ్గరికి రాలేదట.

ఇప్పుడు అసలు గణితం. నీరు ఎలా పారుతుందో చెప్పే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు 19వ శతాబ్దంలోనే దొరికాయి. గింజలకు అలా అందరూ ఒప్పుకున్న సమీకరణాలు ఈరోజుకీ లేవు. 2005లో సైన్స్ పత్రిక జవాబు దొరకని 125 ప్రశ్నలు వేస్తే, అందులో ఒకటి గింజల కదలికకు సాధారణ సిద్ధాంతం కట్టగలమా అని. 1773లో కూలుంబ్, మట్టి తనను ఆపే గోడను ఎంత బలంగా తోస్తుందో లెక్క వేశాడు. 1954లో బాగ్నోల్డ్ మైనపు గుండ్లతో ప్రయోగం చేశాడు. 1989లో సావేజ్, హట్టర్ కొండవాలు మీది నుంచి దూసుకొచ్చే రాశికి నమూనా కట్టారు. 2006లో ఫ్రాన్స్ నుంచి ముగ్గురు ఒక అందమైన నియమం తెచ్చారు. రాపిడి స్థిరాంకం కాదు, గింజలు ఎంత వేగంగా కదులుతున్నాయి, వాటి మీద ఎంత ఒత్తిడి ఉంది అన్నదాన్ని బట్టి మారుతుందని. హమ్మయ్య అనుకున్నారందరూ. తొమ్మిదేళ్లకు ఇంకో బృందం ఆ సమీకరణాలు మధ్యస్థ వేగాల్లోనే నిలబడతాయి, మరీ నెమ్మదిగానో మరీ వేగంగానో పారితే కూలిపోతాయి అని నిరూపించింది. మామూలుగా ప్రవాహాన్ని గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కిస్తే, గళ్లు చిన్నవి చేసేకొద్దీ జవాబు నిజానికి దగ్గరవ్వాలి. ఇక్కడ గళ్లు చిన్నవయ్యేకొద్దీ జవాబు చిందరవందరైపోతుంది. లోపం ప్రోగ్రాంలో లేదు, సమీకరణంలోనే ఉంది. గణితం చదివినవాడికి ఇంతకంటే నోరూరించే సమస్య ఇంకేం కావాలి? దానికి మందులు ప్రతిపాదిస్తున్నారు, అవీ పూర్తి కాలేదు. తలుపు తెరిచే ఉంది.

మనవాళ్లు మాత్రం ఆ గుమ్మం దాటి స్ట్రెచింగ్ షీట్ దగ్గరికి పోతారు. తెలుగు రాష్ట్రాల్లో అప్లైడ్ మ్యాథ్స్ పీహెచ్‌డీ వాసన తగిలిన ఎవరికైనా ఈ మాట వింటే నవ్వొస్తుంది. సాగే రేకు మీద, అయస్కాంత క్షేత్రంలో, నానో ద్రవం ప్రవాహం. 1970లో క్రేన్ అనే శాస్త్రవేత్త ఆ సమస్య వేసినప్పుడు అందులో ప్రాణం ఉంది. ఇప్పుడది ఇడ్లీ ప్లేటు. పాత పేపర్‌లో రాగి రేణువులుంటే కొత్త పేపర్‌లో అల్యూమినా పోస్తారు. సమీకరణంలో ఒక రేడియేషన్ పదం కలుపుతారు, మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో రెడీగా ఉన్న కమాండ్ నొక్కుతారు, ఆరు గ్రాఫులు దింపుతారు. నేను ఒకసారి ఒక సెమినార్‌లో వెనక వరసలో కూర్చుని సరిగ్గా ఇలాంటిదే విన్నాను. అల్యూమినా రేణువులు ఎందుకు తీసుకున్నావమ్మా అని ఎవరో అడిగితే ఆ అమ్మాయి గైడు వైపు చూసింది. ఆ హాలు నుంచి ఆటో ఎక్కితే అరగంటలో అసలైన అల్యూమినా ఓడలోకి దిగుతూ కనిపిస్తుంది.

ఆ అమ్మాయిది తప్పు కాదు. ప్రమోషన్‌కి పాయింట్లు పేపర్ల లెక్కన వస్తున్నప్పుడు గైడు కూడా ఇడ్లీయే వేస్తాడు. హాపర్ దగ్గరికి వెళ్తే బూట్లకు మసి అంటుకుంటుంది, రెండేళ్లు ఒక్క పేపర్ రాదు, వచ్చిన జవాబు తప్పని ఫోర్‌మన్ ఎదురుగానే చెప్పేస్తాడు. సాగే రేకు ఎన్నడూ ఎదురు చెప్పదు. మన చదువుల జబ్బంతా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. ఎవరూ కాదనలేని లెక్కలే చేయడం మనకు ఇంటర్ కోచింగ్ నుంచే అలవాటైంది. జవాబు వెనక పేజీలో ఉంటేనే అది లెక్క. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో గణితం ఒక బిల్డింగ్‌లో, మెకానికల్ ఇంకో బిల్డింగ్‌లో, బొగ్గు ఊరి అవతల. ఈ మూడూ ఒక చోట కూర్చుని టీ తాగే ఏర్పాటు చేయడానికి ప్రపంచ బ్యాంకు అప్పు అక్కర్లేదు.

ఇసుక మీద పీహెచ్‌డీ చేసినవాడికి ఉద్యోగం ఎవడిస్తాడు, మధురవాడ ఐటీ కంపెనీలో చేరితే నయం కదా అంటారు. పీహెచ్‌డీ పిల్లలకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలని, దాంతో ఇల్లు గడవదని కూడా అంటారు. ఇల్లు గడవదన్నది నిజమే, ముఖ్యంగా ఇంటికి పెద్ద కొడుకైతే. కానీ గింజల లెక్క వచ్చినవాడు మందుల కంపెనీకీ పనికొస్తాడు, సిమెంటుకీ పనికొస్తాడు. పరవాడలో మాత్రలు చేసే పొడి అయినా డబ్బాలో విడిపోతే మోతాదు తప్పుతుంది.

కాబట్టి ఎమ్మెస్సీ పిల్లలకు సూటిగా చెబుతున్నాను. ఆ ఫెలోషిప్‌కు పెట్టే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష గణితంలో రాసినా ఈ రంగంలోకి రావచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో దీన్ని దశాబ్దాలుగా పట్టుకున్నది కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లు, అక్కడే జేఎన్‌సీఏఎస్ఆర్ పరిశోధన సంస్థలోనూ, బొంబాయి ఐఐటీలోనూ పని జరిగింది. విభాగం పేరు చూసి వెనక్కి తగ్గొద్దు. బయటికైతే ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ గణిత విభాగం, ఫ్రాన్స్‌లో మార్సెయ్, నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ. ఇంగ్లండ్‌కి అప్లై చేసేవాళ్లు స్టైపెండ్ ఎంతని అడగడం కంటే ముందు విదేశీ విద్యార్థి ఫీజు తేడా ఎవరు కడతారో అడిగి తెలుసుకోండి. చాలా ఆఫర్లు అక్కడే చతికిలబడతాయి. ఒక్కొక్క గింజనూ విడిగా కదిలించి చూసే పద్ధతిని 1979లో కుండాల్, స్ట్రాక్ పెట్టారు. దానికి మెర్క్యురీ డీపీఎం లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. హాస్టల్ గదిలో లాప్‌టాప్ మీద చిన్న హాపర్‌ని ఈ రాత్రే నింపి వదలొచ్చు.

ఇక సరుకు దించే పెద్దలకు ఒక చిన్న లెక్క. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు 42,000 చొప్పున ఒక పరిశోధకుడిని ఐదేళ్లు పోషిస్తే, ఇంటద్దె కాక, 24 లక్షలు. ఓడ గడువు దాటి ఆగితే డెమరేజీ రోజుకు వేల డాలర్లలో కడుతున్నారు. ఏటా ఇద్దరికి ఫెలోషిప్ ఇవ్వండి. దాంతోపాటు ఏ హాపర్ ఏ రోజు ఎన్ని గంటలు పట్టేసిందో రాసిన షిఫ్ట్ రిజిస్టర్లు వాళ్ల చేతికివ్వండి. ఆ పెద్దాయన రాసినవి పదకొండు ఉండాలట. రిటైరయ్యేనాటికి స్టోర్ రూమ్‌లో, పాత బెల్టు రోలర్ల కింద ఉన్నాయని చెప్పారు.