వాళ్ళని కోర్టు చుట్టూ తిప్పాలనుకునే ముందు ఒక్కసారి ఇది చదవండి

నిన్న సాయంత్రం మా వీధిలో ఉండే ఒక పెద్దాయన ఇంటికి వచ్చారు. వాళ్ళ అమ్మాయి మూడు నెలల నుంచి పుట్టింట్లోనే ఉంది. అల్లుడు రావడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. ఆయన, నేను ఇచ్చిన కాఫీ కూడా ముట్టుకోకుండా, "అమ్మా, ఇవన్నీ పడ్డదానివి నువ్వు. మంచి ప్లీడరు పేరు చెప్పు. ఎంతయినా పర్లేదు, అరెకరం తోట అమ్మేస్తాను. వాళ్ళని మాత్రం కోర్టు చుట్టూ తిప్పాలి" అన్నారు.

రాత్రి నిద్ర పట్టలేదు. 2012లో మా నాన్న అచ్చం ఇదే మాట అన్నారు. అందుకే, విడాకుల గొడవని కోర్టులో కొట్టుకోకుండా ముందు కూర్చుని మాట్లాడుకోవడం గురించి, ఇంతకాలం బయట చెప్పుకోనివి కూడా ఈ రోజు రాస్తున్నాను.

మాది రాజోలు వైపు పల్లెటూరు. నన్ను ఇచ్చింది నరసాపురం పక్కన. మధ్యలో వశిష్ఠ గోదావరి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే కాసేపట్లో అవతలి ఒడ్డు. 2009లో పెళ్ళయింది, 2010లో పాప పుట్టింది, 2012లో నేను పాపని తీసుకుని వచ్చేశాను. ఎందుకు వచ్చేశానో ఇక్కడ రాయను. ఆయన నన్ను కొట్టలేదు. ఇద్దరం ఒక ఇంట్లో బతకలేకపోయాం, అంతే.

వచ్చిన నెలలోపే మా మేనమామ ఆ రేవు దాటి వెళ్ళి, మా ఆయన బాబాయి గారితో కూర్చుని మాట్లాడి వచ్చారు. నోట్‌బుక్‌లో కాగితం చింపి నాలుగు విషయాలు రాసుకొచ్చారు. పెట్టిన బంగారం 22 కాసులు తిరిగి ఇస్తారు. పసుపు కుంకుమ కింద రాసిన తోట జోలికి రారు. పాప నా దగ్గరే ఉంటుంది, పండగలకి తండ్రి దగ్గరికి పంపాలి. పాప పేరున కొంత డబ్బు బ్యాంకులో వేస్తారు. మా నాన్న ఆ కాగితం చదివి బల్ల మీద పడేశారు. "పిల్లని ఏడిపించి, మనం పెట్టిందే మనకి తిరిగిస్తారా? తిప్పుతాను వాళ్ళని" అన్నారు.

తిప్పారు. వాళ్ళూ మమ్మల్ని తిప్పారు. వాళ్ళ విడాకుల పిటిషన్, నా మనోవర్తి (భరణం) కేసు, అత్తింటి వేధింపులని నాన్న పెట్టించిన 498ఎ కేసు. ఒక్కోదానికి ఒక్కో వాయిదా. పొద్దున్నే పాపకి జడ వేసి అమ్మకి అప్పజెప్పి బస్సెక్కేదాన్ని. పదిన్నర నుంచి వరండాలో నిలబడితే మధ్యాహ్నం ఎప్పుడో పేరు పిలిచేవారు. కౌంటర్ (జవాబు కాగితం) వేయలేదనో, జడ్జి గారు సెలవనో, వాళ్ళ ప్లీడరు గారు వేరే కోర్టులో ఉన్నారనో మళ్ళీ ఒక తారీఖు ఇచ్చేవారు. ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో పాప నాన్నని చూసింది ఎప్పుడైనా నాతో కోర్టుకి వచ్చినప్పుడే. ఒకసారి వేప చెట్టు కింద ఆయన కనిపిస్తే పాప అటు నడవబోయింది, నేను చెయ్యి పట్టుకుని లాగేశాను. అప్పుడు నన్ను అడిగింది, "నాన్న వైపు చూడకూడదా అమ్మా?" అని. ఆ మాట ఈ రోజుకీ నన్ను వదలడం లేదు.

2018లో జడ్జి గారు మమ్మల్ని మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడానికి, పంపారు. ఒక చిన్న గది, ఒక గుండ్రటి బల్ల, మీడియేషన్‌లో శిక్షణ తీసుకున్న ఒక లాయరమ్మ. ఆవిడ మూడు సార్లు కూర్చోబెట్టారు. మొదటిసారి నన్ను విడిగా, ఆయన్ని విడిగా పిలిచి విన్నారు. ఆరేళ్ళలో నా నోటితో నేను మాట్లాడింది ఆ రోజే. అంతకుముందు నా తరఫున నాన్న, ప్లీడరు గారు, కాగితాలు మాట్లాడాయి. మూడో రోజు సంతకాలు పెట్టాం. ఇంటికొచ్చి బీరువాలోంచి మావయ్య రాసిన ఆ నోట్‌బుక్ కాగితం తీసి పక్కన పెట్టి చూశాను. బంగారం అంతే, తోట అంతే, పాప అంతే. బ్యాంకులో వేసే మొత్తం కొంచెం పెరిగింది. ఆ పెరిగిందానికి మూడింతలు ప్లీడర్లకీ ప్రయాణాలకీ మా నాన్న అప్పటికే ఖర్చు పెట్టారు. మావయ్య అప్పటికి ఏడాది క్రితమే పోయారు. ఆయనకి చెప్పుకోలేకపోయాను.

ఇందులో ఏ ప్లీడరు గారినీ, ఏ జడ్జినీ నేను తిట్టడం లేదు. కోపమల్లా మన ఆలోచన మీద. మన వైపు విడాకులంటే మనకి రెండే దారులు తెలుసు. ఒకటి పెద్దల్లో పెట్టి తెంచేసుకోవడం. రెండు కోర్టులో ఏళ్ళ తరబడి కొట్టుకోవడం. మధ్యలో మంచి దారి ఒకటుంది. ముందు కూర్చుని అన్నీ మాట్లాడుకుని, ముద్ర కోసం మాత్రమే కోర్టుకి వెళ్ళడం.

పెద్దల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్నే కోర్టుకి బదులు అనుకుంటున్నారు. నోటరీ చేసిన స్టాంపు కాగితం మీద "ఇకపై మాకు ఏ సంబంధమూ లేదు" అని రాసుకుంటే హిందువులకి విడాకులు అయిపోవు. హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 29(2) ప్రకారం కులాచారంగా వస్తున్న విడాకులు చెల్లుతాయి, నిజమే. కానీ ఆ ఆచారం ఉందని రేపు ఎవరైనా అడిగితే కోర్టులో రుజువు చేయాల్సింది మీరే. నాకు తెలిసిన ఒకబ్బాయి అలాంటి కాగితం నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ఆధార్‌లోనూ రేషన్ కార్డులోనూ ఇంకా అతని పేరే. రెండో అమ్మాయికి కువైట్ వెళ్ళడానికి పాస్‌పోర్టులో భర్త పేరు రాయించుకోవాల్సి వస్తే అప్పుడు బయటపడింది, చట్టం దృష్టిలో ఆ పిల్ల భార్యే కాదని. పైగా మొదటి పెళ్ళి ఉండగా రెండోది చేసుకోవడం నేరం, ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు.

ఇంకో బాధ కూడా ఉంది. పెద్దల్లో కూర్చున్నప్పుడు అరుగు మీద అందరూ మగవాళ్ళే. అమ్మాయి తలుపు వెనక నిలబడుతుంది. "సర్దుకుపో అమ్మా" అనేది ముందే రాసిపెట్టి ఉన్న తీర్పు. మీడియేషన్ అలా కాదు. మిమ్మల్ని కలపాలని గానీ విడగొట్టాలని గానీ మీడియేటర్ మీద బాధ్యత లేదు. ఆవిడ తీర్పు చెప్పదు. మీరిద్దరూ ఒప్పుకుంటేనే ఒప్పందం. అక్కడ మాట్లాడింది తర్వాత కోర్టులో సాక్ష్యంగా వాడుకోకూడదు. ఒప్పందం కుదరకపోతే కేసు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నడుస్తుంది. వెళ్తే కేసు వదులుకున్నట్టు అనుకుని భయపడేవాళ్ళు ఉన్నారు, అది తప్పు.

ఇదేదో కొత్త ఫ్యాషన్ కాదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టమే ముందు రాజీ ప్రయత్నం చేయాలని జడ్జికి బాధ్యత పెట్టింది. 2013లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఆ జంటకి పెళ్ళయింది 1999లో. కొన్ని రోజులకే విడిపోయారు. తీర్పు వచ్చేసరికి పద్నాలుగేళ్ళు దగ్గర పడుతున్నాయి. ఆ తీర్పులోనే ఫ్యామిలీ కోర్టులు భార్యాభర్తల గొడవలని మీడియేషన్‌కి పంపాలని, కేసు వేయకముందే వచ్చేవాళ్ళ కోసం మీడియేషన్ సెంటర్లలో డెస్కులు పెట్టాలని ఆదేశించారు. 2023లో మీడియేషన్‌కి ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. ఇంత ఉన్నా మన ఊళ్ళలో ఎవరికీ చెప్పేవాళ్ళు లేరు. ఆ కోపంతోనే రాస్తున్నాను ఇదంతా.

మా పిన్ని కూతురి సంగతి చూడండి. తను, వాళ్ళాయన రెండేళ్ళు విడిగా ఉన్నారు. 2022లో ఇద్దరూ ఒక మీడియేటర్ దగ్గర కూర్చుని అన్నీ రాసుకున్నారు. తర్వాత పరస్పర అంగీకారం మీద, అందరూ మ్యూచువల్ అంటారే, 13బి కింద పిటిషన్ వేశారు. హిందూ వివాహ చట్టంలో ఈ సెక్షన్ 1976 నుంచి ఉంది. కనీసం ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్ళీ వచ్చి "అవును, ఇద్దరికీ ఇష్టమే" అని చెప్పాలి. అయితే 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆరు నెలలు కచ్చితం కాదంది. ఏడాదిన్నర పైగా విడిగా ఉండి, భరణం, పిల్లలు అన్నీ నిజంగా తేల్చుకుని ఉంటే జడ్జి గారు మినహాయించవచ్చు. వీళ్ళకి మినహాయించారు. నాలుగు నెలల్లో అయిపోయింది. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవాళ్ళు కూడా ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి. రాలేనివాళ్ళ తరఫున తల్లిదండ్రులో తోబుట్టువులో రావడానికి, వీడియోలో మాట్లాడటానికి కోర్టు ఒప్పుకోవచ్చని అందులోనే ఉంది. చర్చిలో పెళ్ళయిన క్రైస్తవులకి వేరే చట్టం, వాళ్ళకీ 2001 నుంచి పరస్పర అంగీకార విడాకులు ఉన్నాయి.

ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక్క మాట జాగ్రత్త. విడాకుల డిక్రీ (కోర్టు ఉత్తర్వు) వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని డబ్బు మొత్తం ముందే ఇచ్చేయకూడదు, మొత్తం చివరికి ఉంచేయకూడదు. మా దాంట్లో సగం మొదట, సగం చివరి రోజు డీడీ రూపంలో జడ్జి గారి ముందే ఇచ్చారు. బంగారం ఏ నగ ఎంత బరువో విడివిడిగా రాయించుకోండి. అది స్త్రీధనం, అమ్మాయి సొంత ఆస్తి. దాన్ని భరణంలో కలిపేసి "ఇంత ఇచ్చాం" అని లెక్క చెప్తే ఒప్పుకోవద్దు.

పిల్లల విషయంలో అయితే మీరు రాసుకున్నంత బాగా ఏ కోర్టూ రాయలేదు. కోర్టుకి తెలిసింది రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా. మాకు మా పాప తెలుసు. మా ఒప్పందంలో భోగి, సంక్రాంతి నా దగ్గర. కనుమ, ముక్కనుమ వాళ్ళ నాన్న దగ్గర. అంతర్వేది తీర్థానికి తండ్రే తీసుకెళ్తారు, ఎందుకంటే వాళ్ళ నానమ్మకి అది మొక్కు. వేసవి సెలవుల్లో సగం అక్కడ. చదువు ఖర్చు ఆయనది, బట్టలు, మందులు నావి. ఇది రాసుకున్నప్పుడు ఆ గదిలో మొదటిసారి ఇద్దరం ఒకే వైపు ఆలోచించాం. నా బిడ్డ ఇప్పుడు రేవులో ఒక్కతే పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్తుంది, అక్కడ వాళ్ళ నాన్న బండి మీద నిలబడి ఉంటారు.

లోక్ అదాలత్ గురించి, అంటే కేసులని రాజీతో తేల్చే అదాలత్ గురించి, చాలామంది అడుగుతారు. అక్కడ విడాకులు ఇవ్వరు. కానీ చుట్టూ అల్లుకున్న మిగతా కేసులకి అది చాలా మంచి చోటు. నా మనోవర్తి కేసు, 498ఎ కేసు అక్కడే రాజీ అయ్యాయి. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాసే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి ఇస్తారు.

అయితే చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్తున్నాను, కొట్టే మనిషితో బల్ల ముందు కూర్చోమని నేను అనడం లేదు. భయపడేవాళ్ళు ఒప్పుకోవడం ఒప్పుకోవడం కాదు. అలాంటప్పుడు 2005 గృహహింస చట్టం ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పోలీసుల దగ్గరికి వెళ్ళండి, కోర్టుకి వెళ్ళండి. కోర్టు ఉన్నదే అందుకు. ఆస్తులు దాచేసేవాళ్ళతో, బిడ్డని ఎత్తుకుపోయేవాళ్ళతో కూడా ముందు ఆర్డరు తెచ్చుకోవాలి, తర్వాతే మాటలు. మిగతా మనలాంటివాళ్ళకి, ఇమడలేక విడిపోయేవాళ్ళకి, ఆ వరండాలో నిలబడాల్సిన ఖర్మ ఎందుకు?

ఆ పెద్దాయనకి ఇదంతా నిన్న చెప్పలేకపోయాను. ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, చెవిన పడే స్థితిలో లేరు. అందుకని రాత్రి పదింటికి వాళ్ళమ్మాయికే ఫోన్ చేశాను. "నీకేం కావాలమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదక్కా" అంది.

సోమవారం పొద్దున్న తనని మండల న్యాయ సేవల కమిటీకి తీసుకెళ్తున్నాను. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ న్యాయ సాయం ఉచితం. అల్లుడు వాళ్ళకి కబురు పంపి మీడియేషన్‌కి పిలిపించమని అర్జీ పెడతాం. దూరంగా ఉన్నవాళ్ళు న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి మీ దగ్గర ఎక్కడ ఉందో కనుక్కోవచ్చు. వాళ్ళ నాన్నగారిని కూడా రమ్మన్నాను. తోట బేరం పెట్టిన మనిషికి మాత్రం సోమవారం దాకా ఆగమని చెప్పమన్నాను.