పావంగుళం స్పానర్ కనబడుట లేదు

శనివారాలు నేను చేసే పనికి మా ఆవిడ పెట్టిన పేరు ‘పాత సామాన్ల పిచ్చి’. మేముండేది ఇంగ్లండులో. ఇంటికి అరగంట దూరంలో ఓ షెడ్డుంది. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి స్పిట్‌ఫైర్ అనే యుద్ధవిమానాన్ని మళ్లీ ఎగిరించాలని అక్కడ కొందరు ఏళ్ల తరబడి పాటుపడుతున్నారు. జీతం భత్యం లేకుండా వెళ్లి గ్రీజు పూసుకొచ్చే పదిమందిలో నేనొకణ్ణి. మిగతా తొమ్మిదిమందీ రిటైరైన తాతలు.

విమానం అన్నానని మీరు రెక్కలూ చక్రాలూ ఊహించుకోకండి. నేను చేరిన రోజున అక్కడున్నది ఇనుప చట్రంలో బిగించిన ఒట్టి డొక్క. 1936 మార్చి 5న మొదటి స్పిట్‌ఫైర్ గాల్లోకి లేచింది. ఆ తర్వాత ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం అయిపోగానే చాలావాటిని తుక్కుకింద వేసేశారు. మాది అలా వేసెయ్యగా మిగిలిన బాపతు. నంబరు చెక్కిన ఓ చిన్న రేకు, కొన్ని ఫ్రేములు, నాలుగు బిళ్లలు తప్ప అన్నీ కొత్తగా చేసినవే. ఇంటిపేరు పాతది, సంసారం కొత్తది. అయినా కాగితాలు సరిగ్గా ఉంటే అది ఆ విమానమే అంటారు. కాగితాల దగ్గర మాత్రం వీళ్లు మన రిజిస్ట్రారు ఆఫీసుకి ఏమాత్రం తీసిపోరు.

ఆ షెడ్డులో నాకున్న అర్హత ఒక్కటే: సన్నగా ఉండడం. కాక్‌పిట్ వెనక, రేడియో పెట్టడానికి పక్కన ఓ చిన్న తలుపుంటుంది. తాతల్లో ఎవరూ అందులో పట్టరు, నేను పడతాను. బయట ఒకాయన గన్నుతో రేకుల్ని కలిపే రివెట్ కొడుతుంటే, లోపల నేను రివెట్ తోకకి ‘డాలీ’ అనే ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. రోట్లో తల దూర్చి రోకటిపోటుకు వెరవకూడదని పెద్దలన్నది ఇందుకే అయ్యుంటుంది. చెవులకు అడ్డం పెట్టుకున్నా సరే, ఇంటికెళ్లాక మా ఆవిడ మాట ఆదివారం మధ్యాహ్నం దాకా సరిగా వినబడదు. ఇదొక సౌకర్యం.

టీ తాగేటప్పుడు నేను కొన్ని గొప్పలు పోయిన మాట నిజం. 1940లో బ్రిటన్ ఆకాశంలో యుద్ధం జరిగినప్పుడు స్పిట్‌ఫైర్‌లు నడిపిన 152వ స్క్వాడ్రన్, అంటే విమాన దళం, పేరు ‘హైదరాబాద్’. డబ్బిచ్చింది నిజాం గారు. ఆ దళం ముద్ర మీద ఉన్నది కూడా ఆయన తలపాగాయే. అప్పట్లో 5,000 పౌండ్లు చందా ఇచ్చినవాళ్ల పేరు ఓ స్పిట్‌ఫైర్ మీద రాసేవారు. ఇదంతా చెప్పి, ‘మావాళ్లే’ అన్నాను. మాది తణుకు. నిజాం గారితో మాకు రాకపోకల్లేవు. పరాయి దేశంలో గొప్పలకు జిల్లా సరిహద్దులు చూసుకుంటామా!

అసలు సంగతికొస్తాను. ఆ శనివారం పొద్దున నా చేతికి పావంగుళం విట్‌వర్త్ స్పానర్ ఇచ్చారు. విట్‌వర్త్ అంటే పాతకాలపు ఇంగ్లీషు బోల్టుల కొలత. ఈ స్పానర్లదో తిరకాసు. మీద 1/4 అని ఉంటుంది గానీ నోరు కొలిస్తే అరంగుళం దాటుతుంది. ఆ అంకె నట్టు వెడల్పుది కాదు, లోపలి బోల్టు లావుది. ఈ లెక్క ఒంటబట్టడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

ఒంటిగంటకి మా ఆవిడ ఇండియన్ షాపుకెళ్తూ క్యారియర్ ఇచ్చిపోయింది. పులిహోర, పెరుగన్నం. తిరుగుదారిలో మళ్లీ వచ్చి హారన్ కొట్టింది. ‘ఏవండీ, త్వరగా సంచి ఇవ్వండి, కారులో ఐస్‌క్రీం కరిగిపోతోంది.’ నా ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో స్పానర్. ఒకటి సంచిలోకి, ఒకటి చొక్కా జేబులోకి వెళ్లాయి. ఏది ఎక్కడికో నేను చూడలేదు. కళ్లు ఐస్‌క్రీం మీదున్నాయి.

షెడ్డు గోడకు పనిముట్ల బోర్డుంది. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారం ఎర్రరంగుతో వేసి ఉంటుంది. సాయంత్రం ఎక్కడన్నా ఎరుపు కనిపించిందంటే ఆ పనిముట్టు రాలేదన్నమాట. అది దొరికేదాకా ఎవరూ ఇంటికెళ్లకూడదు. చాదస్తం అనుకోకండి. తోక దగ్గరి చుక్కానికి వెళ్లే కేబుళ్లు ఆ డొక్కలోంచే పోతాయి. రేపు పైలట్ గాల్లో పల్టీ కొట్టినప్పుడు లోపల మరిచిపోయిన స్పానర్ జారి వాటి మధ్య ఇరుక్కుంటే, దిగడం మన చేతిలో ఉండదు.

అయిదింటికి బోర్డు మీద ఎరుపు. పావంగుళం.

అందరూ నావైపు చూశారు. నేను విమానం వైపు చూశాను. వెతుకులాట మొదలైంది. టార్చిలు, కర్రకు కట్టిన అద్దం, వంగే కడ్డీ చివర అయస్కాంతం. అల్యూమినియానికి అయస్కాంతం అంటదు కాబట్టి డొక్క రేకుల్ని వదిలేసి స్పానర్‌నే పట్టుకుంటుందని ఆశ. ఏమీ అంటుకోలేదు. నేను రేడియో తలుపులోంచి దూరాను. పులిహోర మోతాదు ఎక్కువైందేమో, నడుము దగ్గర బిగుసుకుపోయాను. ఇద్దరు తాతలు కాళ్లు పట్టుకుని బయటికి లాగారు. వాళ్లలో ఒకాయనకి తుంటి ఎముక మార్చి మూడు నెలలు కూడా కాలేదు.

ఏడున్నరకు అద్దంలో ఏదో తళుక్కుమంది. పెద్ద మెకానిక్కు తాత ఓపిగ్గా తీగతో బయటికి లాగాడు. స్పానర్ కాదు, స్టీలు చెంచా. కాడ మీద ఏవో గుండ్రటి అక్షరాలు.

ఆయన గొంతు మారిపోయింది. ‘ఇది భారతదేశపు లిపి కదూ? హైదరాబాద్ దళం వాళ్లదేమో!’ అన్నాడు. తొమ్మిదిమంది తాతలూ మూగారు. ఒకాయన టోపీ తీశాడు కూడా. నన్ను చదవమన్నారు. చదివాను, లోపల్లోపల. మా అత్తగారి పేరు, పక్కన ‘తణుకు’. పెళ్లిళ్లలో గిన్నెలు మారిపోతాయని ఆవిడ ఇంట్లో ఉన్న ప్రతి స్టీలు సామానుకీ పేరు కొట్టించింది. మాకు కాపురానికిచ్చిన డజను చెంచాలకీ కొట్టించింది.

నిజం చెప్పాలో, చరిత్ర సృష్టించాలో తేల్చుకునేలోగా వెనక నుంచి ఒకాయన, ‘ఈ రేకులన్నీ పోయినేడు మనం కొట్టినవే కదా, 1940 నాటి చెంచా ఎలా దూరింది?’ అన్నాడు. టోపీ తీసినాయన మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి అందరూ నా జేబు వైపు చూశారు.

ఒప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

‘ఏవండీ, సంచిలో చెంచా లేదు. దాని బదులు ఏదో ఇనప ముక్కుంది. పారేశాను, మీకేం పన్లేదుగా?’

చెత్తబుట్టలోంచి దాన్ని తీయించి, కడిగించి, రాత్రి తొమ్మిదింటికి బోర్డుకు తగిలించాక గానీ తాతలు ఇళ్లకు కదల్లేదు.

మరుసటి వారం వెళ్తే బోర్డు మీద పావంగుళం పక్కన కొత్తగా ఎర్రటి చెంచా ఆకారం, దాని మీద మా అత్తగారి చెంచా వేలాడుతున్నాయి. ఇచ్చెయ్యమని అడిగాను. కుదరదన్నారు. విమానంలో దొరికింది, రిజిస్టర్‌లో రాశాం, ఇప్పుడది లెక్కలో చేరిపోయింది అన్నారు.

అత్తగారు వచ్చే నెల వస్తున్నారు. రాత్రి గిన్నెలు తోమాక చెంచాలు లెక్కపెట్టుకుని గానీ ఆవిడ వంటింట్లో లైటు ఆర్పరు.