కురిసావా పరిమళం వెనక మంచుతో పాటు చట్టం కూడా

జపాన్ ఉత్తర కొసన ఉన్న హొక్కైడో దీవిలో, ఇవామిజావా పట్టణం దగ్గర కురిసావా అనే పల్లె ప్రాంతం ఉంది. అక్కడి నకజావా తోట నుంచి వచ్చే కురిసావా బ్లాన్ అనే వైట్ వైన్‌ను సహజ వైన్ (బయటి పదార్థాలు దాదాపు కలపకుండా చేసేది) ప్రియులు వెతుక్కుని మరీ కొంటారు. గెవుర్జ్‌ట్రమీనర్, కెర్నర్, సిల్వానర్ లాంటి ద్రాక్ష రకాలు కలిపి చేస్తారు. లీచీ, గులాబీ గుర్తుకొచ్చే వాసన గెవుర్జ్‌ట్రమీనర్‌ది. ఈ పరిమళాన్ని చాలామంది మంచు మహిమగానే చెబుతారు. అది సగం నిజమే అని నా అభిప్రాయం.

ముందు ఆ సగం చూద్దాం. చల్లని రాత్రుల వల్ల కాయలో పులుపు త్వరగా తగ్గదు. పులుపు గట్టిగా ఉంటే రసాన్ని పాడుచేసే సూక్ష్మజీవుల జోరు తగ్గుతుంది, వైన్ పాడవకుండా వేసే కొద్దిపాటి సల్ఫైట్ కూడా బాగా పనిచేస్తుంది. అందుకే బయటి ఈస్ట్ కలపకుండా, తొక్క మీదున్న ఈస్ట్‌తోనే పులియబెట్టే ధైర్యం అక్కడి రైతుకు ఉంటుంది. వేడి ప్రాంతంలో అదే పని చేస్తే రిస్క్ చాలా ఎక్కువ.

అయితే ఆ చలే తీగను చంపగలదు కూడా. శీతాకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల కిందికి పోయే రోజులుంటాయి. అందుకని మొక్కను నిటారుగా కాకుండా ఏటవాలుగా పెంచుతారు. మంచు పడేముందు తీగల్ని ఇనుప వైర్ల కంచె నుంచి విప్పి నేలకు వంచుతారు. పైన పేరుకున్న మంచే వాటికి దుప్పటి. లోపల సున్నాకు దగ్గరగా ఉండడంతో మొగ్గలు బతుకుతాయి. వసంతంలో ఒక్కో తీగనూ మళ్లీ లేపి కట్టాలి. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించిన మన రైతులకు ఈ బాధ తెలియదు. మన దగ్గర తీగ శీతాకాలంలో నిద్రపోదు, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ‘ఏమీ చేయకుండా వదిలేసిన వైన్’ అని కురిసావా బ్లాన్‌ను పొగిడేవాళ్లు అక్కడి ఈ చాకిరీని మరిచిపోతున్నారు.

మిగతా సగం చట్టంలో ఉంది. జపాన్‌లో పండ్ల వైన్ లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం 6,000 లీటర్లు తయారుచేయాలి. అంటే 8,000 సీసాలు. రెండు మూడు ఎకరాల రైతుకు అది దాటలేని గోడ. హొక్కైడోలోనే ఉన్న యోయిచి పట్టణానికి 2011లో ప్రత్యేక మండలం హోదా రావడంతో అక్కడ ఆ పరిమితి 2,000 లీటర్లకు దిగింది. అదే యోయిచిలో 2010లో మొదలైన డొమైన్ తకహికో వైనరీ వారి పినో నువార్ అనే రెడ్ వైన్ తర్వాత కోపెన్‌హాగన్‌లోని పేరుమోసిన నోమా రెస్టారెంట్ దాకా వెళ్లింది.

ఇవామిజావాలో మరో దారి తెరుచుకుంది. 1989లో అమెరికా నుంచి జపాన్ వచ్చిన బ్రూస్ గట్‌లవ్ 2012లో అక్కడ 10ఆర్ వైనరీ పెట్టారు. చుట్టుపక్కల రైతులు తమ పంట తెచ్చుకుని, ఆయన పక్కన నిలబడి, తమ వైన్ తామే చేసుకునే చోటు అది. కురిసావా బ్లాన్ కూడా కొన్నేళ్లు అక్కడే తయారైంది. సొంత యంత్రాలు, సొంత లైసెన్సు లేని రైతు పంటను గంపగుత్తగా అమ్మేయకుండా ఆపింది ఈ ఏర్పాటే. ఆ సీసా మీద తోట పేరు నిలిచిందంటే, మంచుకు ఎంత రుణపడ్డామో దీనికీ అంతే రుణపడ్డాం.

పేరు పెరిగాక సీసాలు దొరకడం కష్టమైంది. దాంతో తోటలు పెంచాలి, ఉత్పత్తి పెంచాలి అనే మాట వస్తోంది. దాన్ని నేను ఒప్పుకోను. ప్రతి తీగనూ చేత్తో వంచి, చేత్తో లేపే పద్ధతి పెద్ద తోటల్లో నిలవడం కష్టం. చిన్న తోటలు ఇంకా రావాలి. అందుకు 2,000 లీటర్ల సడలింపు హొక్కైడో అంతటా వర్తించాలి, 10ఆర్ లాంటి ఉమ్మడి వైనరీలకు ప్రభుత్వం డబ్బు పెట్టాలి.