లూపు రాదని రాసుకున్నంత మాత్రాన రాకుండా పోదు

ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. నాకు మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది సెన్సర్ నెట్‌వర్కుల మీద ఎం.టెక్ ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న అమ్మాయి. "మేడమ్, ఇది నిజమైతే నా ప్రాజెక్టులో వెరిఫికేషన్ అధ్యాయం తీసేస్తాను" అని కింద రాసింది. ఆ ఒక్క వాక్యం వల్లే ఇంత వివరంగా రాస్తున్నాను. సందేశం ఇదీ:

"సెన్సర్ నెట్‌వర్కుల రూటింగ్‌కి ఫార్మల్ వెరిఫికేషన్ దండగ. ఏఓడీవీలో లూపులు రావని ఆర్‌ఎఫ్‌సీలోనే ఉంది. అనుమానముంటే సిమ్యులేటర్‌లో వెయ్యిసార్లు నడిపి చూడండి, చాలు. రేడియో ఎప్పుడు అందుతుందో ఎప్పుడు అందదో ఎవరికీ తెలియదు, దానికి గణిత నిరూపణ ఏమిటి? ప్రోగ్రాముల గురించి ఏదీ నిరూపించలేమని ట్యూరింగ్ ఎప్పుడో తేల్చాడు. పది కేబీ మెమరీ ఉన్న నోడుకి ఏళ్ల తరబడి నిరూపణా? పైగా నిరూపించామన్నవాటిలోనూ బగ్గులు దొరికాయి."

ముందు మాటల అర్థాలు. సెన్సర్ నెట్‌వర్కు అంటే బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలు (నోడ్లు) రేడియో ద్వారా ఒకదానికొకటి సమాచారం అందించుకునే అమరిక. సమాచారపు ముక్క (ప్యాకెట్టు) ఏ నోడు మీదుగా పోవాలో తేల్చడం రూటింగ్. అది గమ్యం చేరకుండా నోడ్ల మధ్యే తిరుగుతూ ఉండిపోతే లూపు. ఏఓడీవీ ఒక రూటింగ్ ప్రోటోకాల్, అంటే నోడ్లు పాటించే నియమావళి. ఆర్‌ఎఫ్‌సీ అంటే అలాంటి ప్రోటోకాల్‌ని వివరించే పత్రం. ఫార్మల్ వెరిఫికేషన్ అంటే ప్రోటోకాల్‌నో ప్రోగ్రామునో గణిత భాషలో రాసుకుని, అది ఫలానా తప్పు ఎప్పటికీ చేయదని నిరూపించడం. లేదా అది నడిచే అవకాశమున్న దారులన్నిటినీ యంత్రం చేత వెతికించి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమో చూడడం. ఈ రెండోదాన్ని మోడల్ చెకింగ్ అంటారు.

"లూపులు రావని ఆర్‌ఎఫ్‌సీలోనే ఉంది"

ఉంది. 2003 జూలైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3561 ఆరంభంలోనే ఉంది. దారుల గురించి నోడ్లు పంపుకునే కంట్రోల్ సందేశాలు ఎంత అస్తవ్యస్తంగా అందినా సరే, సీక్వెన్స్ నంబర్ల (దారి సమాచారం ఎంత కొత్తదో చెప్పే అంకెల) వల్ల ఎల్లవేళలా లూపులు రావని దాని మాట. దశాబ్దం పాటు చాలామంది దాన్ని నమ్మారు. పాఠాల్లో అలాగే చెప్పాం, నేనూ చెప్పాను.

మూడు నోడ్లు తీసుకుందాం: క, చ, ట. క నుంచి ట కి దారి చ మీదుగా పోతుంది. చ-ట లింకు తెగింది. "ట కి ఇక నా దగ్గర దారి లేదు" అని చ ఒక ఎర్రర్ సందేశం పంపింది, అది క కి చేరలేదు. కాసేపటికి చ తన పట్టికలోంచి ట తాలూకు వివరాలు చెరిపేసింది. వాటితోపాటు పాత సీక్వెన్స్ నంబరు కూడా పోయింది. తరవాత చ కే ట తో పని పడింది. "ట కి దారి ఎవరికైనా తెలుసా?" అని చుట్టుపక్కల అడిగింది. క దగ్గర పాత దారి ఇంకా చెల్లుబాటులోనే ఉంది కనక "నాకు తెలుసు" అని జవాబిచ్చింది. ఆ దారి తన మీదుగానే పోతోందని చ కి తెలిసే వీలు లేదు. పోల్చుకోడానికి పాత నంబరు కూడా లేదు, కాబట్టి నమ్మింది. ఇప్పుడు ట కి వెళ్లాల్సిన ప్యాకెట్టు క నుంచి చ కి, చ నుంచి క కి గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది.

ఏఓడీవీ తొలి ముసాయిదాల్లో ఒకదానిలో ఇలాంటి లూపు ఉందని భార్గవన్, ఒబ్రాడోవిచ్, గుంటర్ పట్టుకున్నారు. వాళ్ల పత్రం 2002లో జర్నల్ ఆఫ్ ది ఏసీఎమ్‌లో వచ్చింది. స్పిన్ అనే మోడల్ చెకర్‌నూ, హెచ్‌ఓఎల్ అనే నిరూపణ సాధనాన్నీ కలిపి వాడారు. తప్పు చూపించి ఊరుకోలేదు, ఏ షరతులు పెడితే లూపు రాదో కూడా నిరూపించారు.

తుది ఆర్‌ఎఫ్‌సీలో పట్టిక చెరిపే ముందు ఇంతసేపు ఆగాలి, నోడు రీస్టార్ట్ అయితే ఇంతసేపు జవాబివ్వకూడదు అన్న నిబంధనలు ఉన్నాయి. అయినా కథ ముగియలేదు. 2013లో వాన్ గ్లాబీక్, హోఫ్నర్, పోర్ట్‌మన్, టాన్ ఆర్‌ఎఫ్‌సీని వాక్యం వాక్యం పట్టి ప్రాసెస్ ఆల్జీబ్రా అనే గణిత భాషలోకి తెచ్చారు. తెచ్చేటప్పుడే అసలు సంగతి బయటపడింది: ఆ పత్రంలో రెండు మూడు విధాలుగా చదువుకోగల చోట్లు చాలా ఉన్నాయి. ఒక ఉదాహరణ చెబుతాను. పొరుగు నోడు నుంచి ఎర్రర్ సందేశం వస్తే అందులోని సీక్వెన్స్ నంబరును తన పట్టికలోకి ఎత్తిరాసుకోమంటుంది ఆర్‌ఎఫ్‌సీ. ఉన్నదున్నట్టు పాటిస్తే, ఎప్పుడూ పెరగాల్సిన నంబరు ఒక్కోసారి తగ్గుతుంది. తగ్గిందంటే లూపుకి తలుపు తెరిచినట్టే. ఒక రకంగా చదివితే ఏఓడీవీలో లూపు రాదు, ఇంకో రకంగా చదివితే వస్తుంది. అంతకుముందు అచ్చయిన నిరూపణలు ఈ తేడాను గమనించలేదు. జనం వాడుతున్న ఓపెన్ సోర్స్ కోడ్‌లను పరిశీలిస్తే వాటిలోనూ లూపుకు తావిచ్చేవి కనిపించాయి. సరైన పఠనంలో లూపు రాదన్న నిరూపణను 2014లో ఇసబెల్ అనే సాధనంలో యంత్రమే సరిచూసింది.

ఇది ఏఓడీవీ ఒక్కదాని బాధ కాదు. చిన్న వైర్‌లెస్ పరికరాల్లో వాడే జిగ్‌బీ ప్రమాణంలోని మెష్ రూటింగ్‌కి మూలం ఏఓడీవీనే. సెన్సర్ నోడులో లూపు అంటే బ్యాటరీకి గండి. టెలోస్‌బీ లాంటి నోడులో రేడియో వింటున్నంతసేపు దాదాపు 19 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, నిద్రలో కొద్ది మైక్రో ఆంపియర్లే. మామూలు పెన్సిల్ సెల్ సామర్థ్యం 2,500 మిల్లీ ఆంపియర్-అవర్ అనుకుంటే, రేడియో మేలుకునే ఉంటే ఆరు రోజుల్లోపే పని అయిపోతుంది. ఏడాది పాటు పొలంలోనో కొండవాలులోనో ఉండాల్సిన నోడు అది.

అందుకే నాకు ఆర్‌పీఎల్ రాతంటే గౌరవం. సెన్సర్ నెట్‌వర్కుల కోసమే చేసిన ఆ ప్రోటోకాల్ తాలూకు ఆర్‌ఎఫ్‌సీ 6550, 2012 నాటిది. లూపు లేని దారికి తాను హామీ ఇవ్వనని, వాడగానే లూపును కనిపెట్టి బాగుచేస్తానని అది నేరుగా చెబుతుంది. అలాంటి మాటను పరీక్షకు పెట్టొచ్చు.

"సిమ్యులేటర్‌లో వెయ్యిసార్లు నడిపితే చాలు"

సిమ్యులేటర్‌లో నడిచేది ఆర్‌ఎఫ్‌సీ కాదు. దాన్ని ఎవరో ఒకరు చదివి, తమకు అర్థమైనట్టు రాసిన కోడ్. రెండు అర్థాలున్న వాక్యంలో రెండో అర్థం ఆ కోడ్‌లో ఉండదు. లక్షసార్లు నడిపినా బయటికి రాదు.

ఇక అరుదైన ఘటనల మాట. 1980 అక్టోబర్ 27న ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మొత్తం కొన్ని గంటలపాటు పడిపోయింది. అప్పటికి అది ఏళ్లుగా నడుస్తున్న నెట్‌వర్కు. రూటింగ్ సమాచారం మోసే సందేశాలకు ఆరు బిట్ల సీక్వెన్స్ నంబరు ఉండేది, 63 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఒక యంత్రంలో హార్డ్‌వేరు బిట్లను రాల్చేయడంతో ఒకే యంత్రం పేరు మీద 44, 40, 8 నంబర్లున్న మూడు సందేశాలు పుట్టాయి. ఆరు బిట్లలో రాసి చూడండి: 101100, 101000, 001000. ఒక్కో బిట్టు రాలుతూ వచ్చింది. ఆ లెక్కలో 8 కంటే 40 కొత్తది, 40 కంటే 44 కొత్తది, 44 కంటే 8 కొత్తది. ప్రతి యంత్రమూ "ఇది కొత్త సందేశం" అనుకుని ముందుకు పంపుతూనే ఉంది. దీన్ని ఎరిక్ రోసెన్ ఆర్‌ఎఫ్‌సీ 789లో పూసగుచ్చినట్టు రాశాడు. "ఈ పోలికలో ఒకదాన్నొకటి మించుకునే మూడు నంబర్లు ఉండగలవా?" అని మోడల్ చెకర్‌ని అడిగితే క్షణంలో జవాబు వస్తుంది, ఉన్నవి 64 నంబర్లే కదా. ఆ ప్రశ్న అడగడానికి ముందు "కొత్తది అంటే ఏమిటి?" అని కచ్చితంగా రాసుకోవాలి. ఆ రాసుకోవడమే ఫార్మల్ పద్ధతుల్లో సగం లాభం.

సిమ్యులేటర్ దండగని నేననను. శక్తి ఎంత ఖర్చవుతుంది, ఆలస్యం ఎంత, నోడ్ల సంఖ్య పెరిగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు అదే కావాలి. "ఎప్పటికీ జరగదు" అనే మాట మాత్రం దాని నోట రాకూడదు. అమెజాన్ ఇంజనీర్లు 2015లో రాసిన వ్యాసంలో వాళ్ల డేటాబేస్ డైనమోడీబీలో దొరికిన ఒక బగ్గు గురించి ఉంది. అది బయటపడే అతి చిన్న దారికే 35 అడుగులు పట్టింది. పరీక్షలూ, సమీక్షలూ అన్నీ దాటి వచ్చిన డిజైన్ అది. టీఎల్‌ఏ ప్లస్ అనే ఫార్మల్ భాషలో రాసి మోడల్ చెకర్‌తో చెక్ చేస్తేనే దొరికింది.

"రేడియో గాలివాటం, దానికి గణితమేమిటి?"

ఈ మాట వినడానికి బాగుంటుంది కాబట్టే ఎక్కువ నష్టం చేస్తోంది. లూపు రాదన్న నిరూపణలో "ప్యాకెట్టు అందుతుంది" అన్న ఊహ ఎక్కడా ఉండనక్కర్లేదు. అందిన దారి ఒకటి, అందని దారి ఒకటి. రెండూ లెక్కలోకి వస్తాయి, ప్రతి అడుగులోనూ. పైన చెప్పిన మూడు నోడ్ల లూపు పుట్టిందే ఒక సందేశం అందకపోవడం వల్ల. గాలివాటాన్ని వదిలేసే పద్ధతి అయితే అది దొరికేదే కాదు.

సంభావ్యత కూడా కావాలంటే దానికీ సాధనాలున్నాయి, ప్రిజమ్ లాంటివి. ఏ నోడు ఏ సమయపు వంతులో (స్లాట్‌లో) మాట్లాడాలో తేల్చడానికి సెన్సర్ నెట్‌వర్కుల కోసం చేసిన ఎల్‌మ్యాక్ ప్రోటోకాల్‌ని ఫెన్కర్, వాన్ హోసెల్, మాడర్ 2007లో ఉప్పాల్ అనే మోడల్ చెకర్‌తో చెక్ చేశారు. 4, 5 నోడ్లను ఎలా అమర్చవచ్చో అన్ని రకాలుగానూ అమర్చి చూశారు. రెండు నోడ్లు ఒకే సమయంలో మాట్లాడుతూ, ఆ సంగతి ఏ నోడుకూ తెలియకుండా ఉండిపోయే అమరికలు దొరికాయి. ఐదు నోడ్ల నెట్‌వర్కుతో ఏం తేలుతుందని తేలిగ్గా తీసేసేవాళ్లు ఇది చూడాలి. రూటింగ్‌లో, స్లాట్ల పంపకంలో చాలా తప్పులు చిన్న గుంపులోనే దాక్కుని ఉంటాయి.

"ట్యూరింగ్ ఎప్పుడో తేల్చాడు"

1936లో ట్యూరింగ్ తేల్చింది వేరు. ఏ ప్రోగ్రాము ఇచ్చినా అది ఆగుతుందో లేదో చెప్పగల ఒకే యంత్ర పద్ధతి ఉండదన్నాడు. నీ ముందున్న ఫలానా ప్రోగ్రాము గురించి నిరూపించలేవని అనలేదు. పరిమితమైన స్థితులున్న నమూనా అయితే ఆ అడ్డంకి కూడా ఉండదు, అన్నీ వెతకొచ్చు.

"పది కేబీ నోడుకి ఇంత శ్రమా?"

ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. 2009లో నిరూపణ పూర్తయిన ఎస్‌ఈఎల్4 కెర్నెల్‌లో (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) 8,700 వరసల సీ కోడ్ ఉంది. నిరూపణకు దాదాపు 20 మనిషి-సంవత్సరాలు పట్టింది. ప్రతి నోడుకీ అది చేయమనడం కొండను తవ్వి ఎలుకను పట్టమనడమే. అయితే ఆ పనిలో బయటపడ్డ 160 బగ్గుల్లో అంతకుముందు పరీక్షల్లోనూ వాడకంలోనూ దొరికినవి 16 మాత్రమే. మిగతా 144 నిరూపణలోనే దొరికాయి.

వెరిఫికేషన్ అంటే అంతా నిరూపించడం ఒక్కటే కాదు. పై అమెజాన్ వ్యాసంలోనే, ఇంజనీర్లు రెండు మూడు వారాల్లో టీఎల్‌ఏ ప్లస్ నేర్చుకుని పనికొచ్చే ఫలితాలు రాబట్టారని ఉంది. నోడు చిన్నదైతే పని తేలికవుతుంది కూడా: చిన్న నోడ్ల కోసం చేసిన కాంటికి ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెమరీ కేటాయించే చిన్న భాగాన్నీ, జాబితాలు నడిపే లింక్డ్ లిస్టు భాగాన్నీ ఫ్రామా-సీ అనే సాధనంతో నిరూపించారు. మిగతా భాగాల్లో చాలా వాటి మీదే నిలబడతాయి కనక సరైన చోటే మొదలుపెట్టారని నా అభిప్రాయం.

"నిరూపించినవాటిలోనూ బగ్గులు దొరికాయి"

దొరికాయి. దీన్ని దాచాల్సిన పనే లేదు, ఎక్కడ దొరికాయో చూడాలి. సీస్మిత్ అనే పరీక్షా సాధనం 2011లో సీ కంపైలర్లలో (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేవి) 325 బగ్గులు బయటపెట్టింది. వాటిలో కాంప్‌సర్ట్ అనే నిరూపిత కంపైలర్‌లో దొరికినవి నిరూపణ పరిధి బయట ఉన్న భాగాల్లోనివి. నిరూపించిన మధ్యభాగంలో తప్పు కంపైలేషన్ ఒక్కటీ దొరకలేదు. 2017లో నిరూపిత డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్‌లు (పలు యంత్రాల మీద కలిసి నడిచేవి) మూడింటిని పరిశీలిస్తే 16 బగ్గులు దొరికాయి. ప్రోటోకాల్ నిరూపణలో కాదు, బయటి ప్రపంచం గురించి చేసుకున్న ఊహల్లోనూ వాటి సరిహద్దుల్లోనూ.

అదే 2017లో వైఫైలో క్రాక్ దాడి బయటపడింది. వైఫై భద్రతకు వాడే డబ్ల్యూపీఏ2 హ్యాండ్‌షేక్ (ఫోనూ రౌటరూ రహస్య తాళంచెవి కుదుర్చుకునే సందేశాల మార్పిడి) సురక్షితమని అంతకుముందే నిరూపణ ఉంది. ఆ నిరూపణలో తప్పు లేదు. అయితే అదే తాళంచెవిని రెండోసారి అమర్చుకుంటే ప్యాకెట్ల లెక్కింపు మళ్లీ మొదటికొస్తుందన్న సంగతి నమూనాలో లేదు. దానికి విరుగుడు వెరిఫికేషన్ మానేయడం కాలేదు. 2020లో క్రెమర్స్, కీస్ల్, మెడింగర్ ఆ తాళంచెవి అమరికను కూడా నమూనాలోకి తెచ్చి, సవరించిన ప్రోటోకాల్‌ని టామరిన్ అనే నిరూపణ సాధనంతో నిరూపించారు.

నాకు సందేశం పంపిన అమ్మాయికి ఇలా జవాబు రాశాను: ఆ అధ్యాయం తీసేయకు, ముందుకు జరుపు. సిమ్యులేషన్‌కి ముందే మూడు నోడ్లతో స్పిన్‌లో నమూనా రాయి. సందేశం పోవచ్చని పెట్టు, పట్టిక ఎప్పుడైనా చెరిగిపోవచ్చని పెట్టు. నీ ప్రోటోకాల్‌లో సీక్వెన్స్ నంబరు ఎప్పుడైనా తగ్గుతుందా అని అడుగు. ఏం దొరికినా, ఏమీ దొరకకపోయినా, ఏయే ఊహలు పెట్టావో మొదటి పేజీలోనే రాయి.