విశాఖ కొండలు అగ్నిపర్వతాలు కావు

"కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ నిద్రపోతున్న అగ్నిపర్వతాలు, ఎర్రమట్టి దిబ్బలు వాటి బూడిద, బొర్రా గుహలు లావా తొలిచిన సొరంగాలు, భూమి అడుగున అంతటా లావా సముద్రమే కనుక ఇవి ఎప్పుడైనా మేల్కొంటాయి" అనే సందేశం విశాఖ వాట్సాప్ గ్రూపులలో చేతులు మారుతోంది. ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ నిజం కాదు.

కొండ సంగతి చెప్పవలసింది దాని రూపం కాదు, రాయి. కైలాసగిరి ఎక్కే దారిలో కొత్తగా విరిగిన రాయిని చేతిలోకి తీసుకుంటే, లేత, ముదురు చారలు పక్కపక్కన సాగుతూ, మధ్యలో దానిమ్మ గింజల రంగు గార్నెట్ పలుకులు కనిపిస్తాయి. ఇది ఖోండలైట్, తూర్పు కనుమల ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన పేరు. ఎప్పటివో బురద, ఇసుక మేటలు భూగర్భంలో చాలా లోతుకు దిగి, తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై, సుమారు 100 కోట్ల ఏళ్ల నాడు ఇలా రూపం మార్చుకున్నాయి. పైకి వచ్చి త్వరగా చల్లారిన లావాలో పలుకులు చాలావరకు కంటికి ఆనవు. ఇక్కడి గార్నెట్లు లోతులో తీరిగ్గా పెరిగినవి.

ఇక మొనదేలిన ప్రతి కొండా అగ్నిపర్వతమే అనుకోవడం మరీ అమాయకత్వం. అసలు అగ్నిపర్వతాలకే ఒక్క రూపమంటూ లేదు. హవాయిలోని మౌనా లోవా ఎత్తు 4,169 మీటర్లు అయినా, పలుచని లావా దూరదూరాలకు పారడం వల్ల బోర్లించిన డాలులా వాలుగా ఉంటుంది. జపాన్‌లోని ఫుజి (3,776 మీటర్లు) చిక్కని లావా, బూడిద పొరలు పొరలుగా పేరుకుని నిటారుగా పెరిగింది. మెక్సికోలోని పరికుటిన్ 1943లో ఒక మొక్కజొన్న చేనులో పుట్టి, ఎగజిమ్మిన గుల్ల రాళ్లనే గుట్టగా పోసుకుని 1952 నాటికి చల్లారింది. వీటన్నిటికంటే పెద్దవైన దక్కన్ లావా ప్రవాహాలు, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాడు, ప్రధానంగా నేల పగుళ్ల నుంచి పొంగి పరచుకున్నాయి. కోస్తాంధ్రలో లావా రాయిని చూడగోరేవారు కైలాసగిరికి కాక రాజమండ్రి పక్కన కాతేరుకు వెళ్లాలి. అక్కడ శిఖరమంటూ ఏదీ లేదు, నల్లరాతి పొరలున్నాయి.

ఎర్రమట్టి దిబ్బలను సాయంకాలపు ఎండలో చూసినవారికి నిప్పు గుర్తుకు రావడంలో వింత లేదు. అయితే ఆ మట్టిని పిడికెడు తీసుకుని పలుమార్లు నీళ్లలో కడిగితే ఎర్రని నీరు వదిలి, అడుగున ఇసుక మిగులుతుంది. గాలి, నీరు చేర్చిన ఇసుక రేణువులకు ఇనుప ఆక్సైడు పూతగా పట్టడమే ఆ రంగుకు కారణం. అగ్నిపర్వత బూడిద సూక్ష్మమైన గాజు పెంకుల పొడి. అది మన రాష్ట్రంలోనూ ఉంది, కానీ నంద్యాల జిల్లా జ్వాలాపురంలో; సుమారు 74,000 ఏళ్ల నాడు సుమత్రాలోని టోబా విస్ఫోటనం నుంచి వచ్చి పడిన ఆ బూడిద ఎరుపు కాదు, తెల్లని బూడిద రంగు.

బొర్రా గుహల విషయంలో రెండు మాటలు చాలు. అవి సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడినవి. పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు అదే సున్నం బొట్టు బొట్టుగా గడ్డకట్టినవి.

చివరిది లావా సముద్రం. మన కాళ్ల కింది భూప్రావారం, అంటే భూమి పైపెంకుకు అడుగున ఉన్న మందపాటి పొర, వేడిగా ఉన్నా చాలావరకు ఘనమే. అది కరగడానికి ప్రత్యేక పరిస్థితులు కావాలి. భూమి పైభాగాన మెల్లగా కదిలే భారీ రాతి పలకలైన ఫలకాలు విడిపోయే చోట ఒత్తిడి తగ్గడం వల్ల, లోతు నుంచి అతివేడి శిల పైకి లేచే చోట, లేదా ఒక ఫలకం మరొకదాని కిందికి దిగుతూ తనతో తీసుకుపోయిన నీరు పైనున్న శిల ద్రవీభవన స్థానాన్ని తగ్గించే చోట మాగ్మా, అంటే భూగర్భంలో కరిగిన శిల, పుడుతుంది. విశాఖ తీరం ఈ మూడింటిలో దేనికీ చెందదు. సుమారు 13 కోట్ల ఏళ్ల నాడు అంటార్కిటికా నుంచి విడిపోయిన ఈ అంచు ఇప్పుడు ఫలకం మధ్య భాగంలో ఉంది. ఆ ఫలకం కిందికి దిగే చోటు అండమాన్ వైపున ఉంది. అందుకే భారతదేశంలో క్రియాశీలమైన ఏకైక అగ్నిపర్వతం, దీర్ఘ విరామం తరువాత 1991లో మళ్లీ రగిలిన బారెన్ దీవి, విశాఖకు 1,200 కిలోమీటర్లకు పైగా దూరాన సముద్రంలో ఉంది.